కబురు, దానికి జవాబు: హార్మోన్లు ఒంటిని నడిపే తీరు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల రక్తపరీక్షలు చేసే కేంద్రాల ముందు ఉదయం పూట కాసేపు నిలబడితే, చేతిలో రిపోర్టు పట్టుకుని, అందులో నల్లగా అచ్చయిన ఒక అంకెనే మళ్లీ మళ్లీ చూస్తూ కంగారు పడేవాళ్లు తప్పకుండా కనిపిస్తారు. 30 ఏళ్లు జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి కావడంతో అటువంటి రిపోర్టులు మా ఇంటికీ వస్తుంటాయి. "మేస్టారూ, టీఎస్‌హెచ్ 12 వచ్చింది. థైరాయిడ్ బాగా ఎక్కువైపోనాదా?" అని ఆ మధ్య మా వీధిలో ఒకావిడ అడిగారు. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పని చేయమని ప్రేరేపించే హార్మోను. నిజానికి ఆవిడ ఒంట్లో థైరాయిడ్ హార్మోను ఎక్కువ కాలేదు, తగ్గింది. పెరిగిన అంకె తగ్గుదలకు గుర్తు ఎలా అవుతుందో తెలుసుకుంటే హార్మోన్ల వ్యవస్థ సగం అర్థమైనట్టే.

ముందు మన మాటల్లోని ఒక చిక్కును విప్పుకోవాలి. "నాకు థైరాయిడ్ వచ్చింది", "ఆయనకు షుగరు వచ్చింది" అంటాం. థైరాయిడ్ అనేది ఒక గ్రంథి పేరు, అది పుట్టుకతోనే అందరి మెడలోనూ ఉంటుంది. చక్కెర కూడా ప్రతి మనిషి రక్తంలోనూ ఉండి తీరాలి, లేకపోతే మెదడు కొద్ది నిమిషాల్లోనే తడబడుతుంది. ఇలా మాట్లాడటం వల్ల, ఏదో బయటి వస్తువు ఒంట్లోకి వచ్చి చేరిందనీ, దాన్ని తీసేస్తే సరిపోతుందనీ మనకు తెలియకుండానే నమ్ముతున్నాం. అసలు చెడింది ఒక వస్తువు కాదు, రెండు అవయవాల మధ్య నడిచే సంభాషణ. అందుకే హార్మోను అంకెను ఎప్పుడూ ఒంటరిగా చదవకూడదు, అది ఏ కబురుకు జవాబుగా వచ్చిందో దానితో కలిపి చదవాలి.

ఒంట్లో గ్రంథులు రెండు రకాలు. చెమట గ్రంథులకు, లాలాజల గ్రంథులకు సన్నని గొట్టాలుంటాయి, అవి తయారు చేసినదాన్ని ఆ గొట్టాల ద్వారా ఫలానా చోటికే పంపుతాయి. రెండో రకానికి గొట్టాలు ఉండవు, తయారైన పదార్థం నేరుగా రక్తంలో కలుస్తుంది. అందుకే మన పాఠ్యపుస్తకాలు వీటిని వినాళ గ్రంథులు అన్నాయి. పిల్లలకు కష్టమైన మాటగా కనిపించినా, నాళం లేనిది అన్న అర్థాన్ని అంత సూటిగా చెప్పే మాట మరొకటి లేదని నా అభిప్రాయం. మెదడు అడుగున హైపోథాలమస్, దాని కింద వేలాడే శనగగింజంత పీయూష గ్రంథి, మెడలో థైరాయిడ్, దాని వెనుక అంటుకుని ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు, పొట్టలో క్లోమం, మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులు, స్త్రీలలో అండాశయాలు, పురుషులలో వృషణాలు ఈ కోవకు చెందినవి. ఈ జాబితాలో సాధారణంగా చేర్చని అవయవం ఒకటుంది. మన జిల్లాకు అదే ముఖ్యమైనది కనుక చివర్లో దాని దగ్గరకు వస్తాను.

రక్తం ద్వారా కబురు వెళ్తుందన్న సంగతి మొదట ఒక కోడిపుంజు చెప్పింది. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త ఆరు పుంజుపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. వృషణాలు తీసేసిన పుంజుకు నెత్తిమీద ఎర్రని జుట్టు పెరగదు, అది సరిగ్గా కూయదు, మరో పుంజు కనబడినా పోట్లాటకు దిగదు. బెర్తోల్డ్ కొన్ని పిల్లలకు తీసేసిన వృషణాన్నే కడుపులో మరో చోట అమర్చాడు. అవి మామూలు పుంజుల్లాగే పెరిగి, కూసి, పోట్లాడాయి. తర్వాత కోసి చూస్తే, అమర్చిన ముక్కకు కొత్త రక్తనాళాలు అతుక్కుని ఉన్నాయి గాని, పాత నాడులేవీ మళ్లీ కలవలేదు. నాడి లేకుండానే కబురు నెత్తిమీది జుట్టు దాకా చేరిందంటే, అది రక్తంలోనే ప్రయాణించి ఉండాలి. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఇదే సంగతిని పేగు విషయంలో నిరూపించారు. పేగుకు వెళ్లే నాడులను తెంచివేసినా, అందులో ఆమ్లం పడగానే క్లోమం జీర్ణరసాన్ని వదిలింది. పేగు నుంచి క్లోమానికి రక్తంలో వెళ్లిన ఆ కబురుకు సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ఇటువంటి కబుర్లన్నిటినీ కలిపి హార్మోన్లు అన్నాడు. కదిలించడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది.

రక్తంలో పడిన కబురు ఒంట్లోని ప్రతి కణం పక్క నుంచీ పోతుంది, అయినా అన్ని కణాలూ దాన్ని వినవు. ఏ కణానికి ఆ హార్మోనును పట్టుకునే గ్రాహకం ఉందో ఆ కణమే వింటుంది. ఇన్సులిన్ వంటి ప్రొటీను హార్మోన్లు కణం పైపొర దగ్గరే ఆగి, అక్కడి గ్రాహకాన్ని తట్టి పని చెబుతాయి. కార్టిసాల్, ఈస్ట్రోజన్, థైరాయిడ్ హార్మోన్లు మాత్రం కణం లోపలికి వెళ్లి, ఏ జన్యువు పనిచేయాలో ఏది ఆగాలో నిర్ణయిస్తాయి. కాబట్టి మొదటి రకం నిమిషాల్లో ఫలితం చూపిస్తుంది, రెండో రకానికి గంటలు, రోజులు పడుతుంది. థైరాయిడ్‌కు మాత్ర, షుగరుకు ఇన్సులిన్ సూది ఎందుకన్నదీ ఇక్కడే తేలుతుంది. ఇన్సులిన్‌ను మింగితే పొట్ట దాన్ని పప్పులోని ప్రొటీనులాగే ముక్కలు చేసి జీర్ణం చేసుకుంటుంది. థైరాయిడ్ హార్మోను చిన్న అణువు కనుక ఆ గండం దాటి రక్తంలోకి చేరుతుంది.

ఇవి పనిచేసే మోతాదును ఊహించడం కూడా కష్టమే. రక్తంలో స్వేచ్ఛగా తిరిగే థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోను, అంటే రిపోర్టులో ఫ్రీ టీ4 అని రాసేది, 100 మిల్లీలీటర్లకు సుమారు 1 నానోగ్రాము ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో 100 కోట్లవ వంతు. ఇంత తక్కువ పదార్థాన్ని కొలిచే మార్గాన్ని రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1950ల చివర్లో కనిపెట్టారు. 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చేనాటికి బెర్సన్ బతికి లేరు. ఈనాడు టెక్కలిలోనో రాజాంలోనో ఒక చిన్న పరీక్షా కేంద్రం మన చేతిలో పెట్టే అంకె వెనుక ఆ ఇద్దరి శ్రమ ఉంది.

ఇక మా వీధి ఆవిడ ప్రశ్నకు వద్దాం. మా వైపు చెరువు తూమును మదుము అంటాం. మదుము దగ్గర ఒక మనిషి ఉంటాడు, శివారు పొలం దగ్గర నీళ్లు అందుతున్నాయా లేదా అని చూసే మనిషి మరొకడు ఉంటాడు. శివారుకు నీళ్లు చాలినంత వస్తే అతను ఊరుకుంటాడు. తగ్గితే మదుము ఇంకాస్త ఎత్తమని కేక వేస్తాడు, అయినా రాకపోతే కేక పెద్దదవుతుంది. పీయూష గ్రంథి ఆ శివారు మనిషి, టీఎస్‌హెచ్ అతని కేక, థైరాయిడ్ గ్రంథి మదుము, టీ4 అనే హార్మోను అందులోంచి వచ్చే నీరు. టీఎస్‌హెచ్ పెరిగిందంటే కేక పెరిగిందని అర్థం, కేక పెరిగిందంటే నీరు అందడం లేదని అర్థం. చాలా కేంద్రాల్లో టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుంచి 4 వరకు ఉంటే మామూలు అంటారు. 12 ఉన్న ఆవిడ ఒంట్లో పీయూష గ్రంథి గట్టిగా అరుస్తోంది, థైరాయిడ్ మాత్రం చాలినంత ఇవ్వలేకపోతోంది.

ఈ ఏర్పాటులోని గొప్పదనం కబురు పంపడంలో కన్నా దాన్ని ఆపడంలో ఉంది. టీ4 చాలినంత అయిన వెంటనే అదే పైకి వెళ్లి పీయూష గ్రంథిని, దానిపైన ఉన్న హైపోథాలమస్‌ను తగ్గించమంటుంది. ఒంట్లోని హార్మోన్లలో ఎక్కువ భాగం ఇలా తమ ఫలితంతోనే తమను అదుపులో పెట్టుకుంటాయి. దీనికి విరుద్ధంగా నడిచేవి కొన్నే ఉన్నాయి. ప్రసవ సమయంలో ఆక్సిటోసిన్ నొప్పులను పెంచితే, ఆ నొప్పులు ఆక్సిటోసిన్‌ను ఇంకా పెంచుతాయి, బిడ్డ బయట పడేదాకా అది ఆగదు.

ఒక్క టీఎస్‌హెచ్ చూసి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తెలుస్తుంది. టీఎస్‌హెచ్ ఎక్కువ, టీ4 తక్కువ ఉంటే లోపం మదుము దగ్గర, అంటే థైరాయిడ్‌లోనే ఉంది. టీఎస్‌హెచ్ బాగా తగ్గి టీ4 పెరిగితే, ఎవరూ అడగకుండానే నీరు పొంగుతోందన్నమాట. గ్రేవ్స్ జబ్బులో ఇదే జరుగుతుంది, ఒంటి రక్షణ వ్యవస్థ తయారు చేసిన ఒక ప్రతిదేహం టీఎస్‌హెచ్ గ్రాహకానికి అతుక్కుని దొంగ కబురు చెబుతూ ఉంటుంది. మూడో సందర్భమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. టీ4 తక్కువగా ఉండి కూడా టీఎస్‌హెచ్ మామూలుగానో తక్కువగానో ఉండవచ్చు. అప్పుడు కేక వేయాల్సిన మనిషే పడిపోయాడని అర్థం. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన కొందరు తల్లులకు, గర్భం వల్ల పెద్దదై రక్తం ఎక్కువగా కోరుకునే స్థితిలో ఉన్న పీయూష గ్రంథి దెబ్బతింటుంది. దీనిని షీహాన్ సిండ్రోమ్ అంటారు. ఆ తల్లికి పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, నీరసం ఏళ్ల తరబడి వదలదు. ఒక్క టీఎస్‌హెచ్ మాత్రమే చేయిస్తే రిపోర్టు "నార్మల్" అని వస్తుంది. ఇంటివాళ్లు ఆవిడను సోమరి అంటారు. కాన్పులో రక్తం బాగా పోయిన సంగతిని ఎన్నేళ్లు గడిచినా వైద్యునికి చెప్పాలి.

మాత్ర విషయంలోనూ ఒక పొరపాటు ఇంటింటా జరుగుతోంది. మూడు నెలలు మాత్ర వేసుకుని, పరీక్ష మామూలుగా వచ్చిందని ఆపేస్తారు. ఆ అంకె బాగున్నది మాత్ర ఇస్తున్న నీటి వల్లనే, మదుము బాగుపడినందువల్ల కాదు. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది కనుక, ఆపిన వారం పది రోజులదాకా తేడా తెలియదు, అందుకే ఆపినా ఏమీ కాలేదన్న ధైర్యం కలుగుతుంది. మోతాదు మార్చిన తర్వాత 6 నుంచి 8 వారాలు ఆగి పరీక్ష చేయించమనడానికీ ఇదే కారణం. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, టీకి, టిఫినుకు కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలను దానికి 4 గంటల దూరంలో ఉంచాలి, లేకపోతే అవి పేగులోనే దాన్ని పట్టేసుకుంటాయి.

థైరాయిడ్ హార్మోను తయారీకి అయోడిన్ కావాలి. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 చాలు. 70 ఏళ్ల బతుకుకు లెక్క కట్టినా అది 4 గ్రాములకు మించదు. అంత తక్కువ కూడా అందనప్పుడు పీయూష గ్రంథి కేక తగ్గదు, ఆ కేక విని విని థైరాయిడ్ ఉబ్బుతుంది, దాన్నే గాయిటర్ అంటాం. వానలు కొండ నేలల్లోని అయోడిన్‌ను కడిగేస్తాయి కనుక కొండ ప్రాంతాలకు ఈ లోపం ముప్పు ఎక్కువ. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట, కురుపాం, సాలూరు కొండలూ అటువంటి ప్రాంతాలే. ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది: మన సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పుమళ్లు సముద్రపు నీటితోనే పండుతాయి కదా, సముద్రంలో అయోడిన్ ఉంటుంది కదా, మరి మళ్లీ కలపడం ఎందుకు? నీటిని ఎండగట్టి ఉప్పు తీసేటప్పుడు ఆ అయోడిన్‌లో ఎక్కువ భాగం గడ్డకట్టిన ఉప్పులోకి రాదు, మిగిలిపోయే చేదు నీటిలో పోతుంది. కల్లుప్పులో మిగిలేది చాలా స్వల్పం. అందుకే కొనేవాడి చేతికి వచ్చేసరికి పది లక్షల వంతుల్లో 15 వంతులకు తగ్గకుండా అయోడిన్ ఉండాలని మన దేశంలో నియమం. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ పథకంగా మొదలైన ఈ పని, లోపం మెడ వాపుతో ఆగదని తెలిసిన తర్వాత, 1992లో అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ పథకంగా పేరు మార్చుకుంది. కడుపులోని బిడ్డ మెదడు తయారయ్యేది తల్లి థైరాయిడ్ హార్మోను సాయంతోనే. పుట్టిన బిడ్డకు ఆ హార్మోను లేకపోతే, మొదటి రెండు వారాల్లో గుర్తించి మందు మొదలుపెడితే బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది, నెలలు గడిస్తే పోయిన తెలివి తిరిగి రాదు. పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి చేసే పరీక్ష ప్రతి కాన్పులోనూ జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను.

థైరాయిడ్‌లో కబురు పుట్టే చోట లోపమైతే, పెద్ద వయసులో వచ్చే షుగరులో వినే చోట లోపం. ఆరోగ్యవంతుని రక్తంలో ఏ క్షణంలోనైనా ఉండే చక్కెర మొత్తం 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు. 100 గ్రాముల బియ్యం వండుకు తింటే 75 గ్రాములకు పైగా పిండిపదార్థం లోపలికి వెళ్తుంది, అదంతా చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. చెంచాడు పట్టే చోటికి 15 చెంచాలు వచ్చి పడుతున్నా అంకె కొద్దిగానే పెరిగి రెండు గంటల్లో దిగిపోవడం ఇన్సులిన్ పని. క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలు దాన్ని వదలగానే, కండరాలు, కొవ్వు కణాలు తలుపులు తీసి చక్కెరను లోపలికి తీసుకుంటాయి, కాలేయం కొంత దాచుకుంటుంది. రాత్రి భోజనానికీ ఉదయానికీ మధ్య, అదే క్లోమం నుంచి గ్లూకగాన్ వెళ్లి కాలేయం దాచినదాన్ని విడిపిస్తుంది. కణాలు మొద్దుబారి ఇన్సులిన్ మాట వినడం తగ్గినప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది, ఇక్కడా కేక పెరుగుతుంది. కొన్నేళ్లపాటు చక్కెర అంకె మామూలుగానే ఉంటుంది, కాని ఆ మామూలు అంకె వెనుక క్లోమం పడుతున్న రెట్టింపు శ్రమ ఏ చక్కెర రిపోర్టులోనూ కనిపించదు. అది అలిసిపోయిన రోజున షుగరు "వచ్చింది" అంటాం. పిల్లల్లో వచ్చే మొదటి రకం మధుమేహం వేరు, అందులో ఇన్సులిన్ తయారు చేసే కణాలే నశిస్తాయి కనుక ఇన్సులిన్ ఇవ్వడం తప్ప మార్గం లేదు.

అన్నం మానేసి చోడంబలి, అంటే రాగి అంబలి, తాగితే షుగరు పెరగదన్న నమ్మకం మన వైపు బలంగా ఉంది. చోళ్లు మంచి ఆహారమే, పీచు, కాల్షియం బాగా ఉన్నాయి, కాని 100 గ్రాముల చోళ్లలోనూ 70 గ్రాముల దగ్గర పిండిపదార్థం ఉంటుంది. ఎంత తాగుతున్నామన్నది లెక్కకు వస్తుంది. పని చేస్తున్న కండరం మాత్రం ఇన్సులిన్ కబురు అందకపోయినా చక్కెరను లాక్కోగలదు. భోజనం తర్వాత నడక, పొలం పని అంత మేలు చేయడానికి కారణం ఇదే. వ్యవసాయం మాని ఆటో ఎక్కిన తరానికి షుగరు ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగమూ ఇదే.

కబురును బయటి నుంచి ఇస్తే లోపలి మనిషి నిద్రపోతాడు. అధివృక్క గ్రంథులు కార్టిసాల్‌ను తెల్లవారుజామున ఎక్కువగా, అర్ధరాత్రికి అతి తక్కువగా వదులుతాయి. అందుకే ఆ పరీక్షకు ఉదయం 8 గంటల ప్రాంతంలో రక్తం తీస్తారు. దీనికీ పీయూష గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే కబురు రావాలి. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి పేరు రాయని పొట్లాల్లో, సూదుల్లో ఇచ్చే మందుల్లో స్టెరాయిడ్లు ఉంటే, అవి కార్టిసాల్ వేషంలో పనిచేస్తాయి. నొప్పి ఒక్క రోజులో పోతుంది, ఆకలి పెరుగుతుంది, ముఖం నిండుగా కనిపిస్తుంది, మందు మంచిదనిపిస్తుంది. కొన్ని వారాలు గడిచేసరికి పీయూష గ్రంథి కబురు పంపడం మానేస్తుంది, అధివృక్క గ్రంథులు ముడుచుకుపోతాయి. అప్పుడు డబ్బులు లేకో, భయపడో ఒక్కసారిగా ఆపేస్తే, జ్వరమో విరేచనమో వచ్చినప్పుడు కావలసిన కార్టిసాల్‌ను ఇవ్వడానికి ఒంట్లో ఎవరూ ఉండరు. రక్తపోటు పడిపోతుంది, ప్రాణం మీదకు వస్తుంది. తిన్న మందు ఏమిటో తెలియనప్పుడు దాన్ని మొదలుపెట్టడం ఎంత తప్పో, వైద్యుణ్ణి అడగకుండా ఒక్కసారిగా ఆపడమూ అంత తప్పే.

శ్రావణంలో వరి ఉభాలు, అంటే నాట్లు, వేస్తున్న ఆడవాళ్లను చూడండి. కాళ్ల కింద మోకాళ్లదాకా నీళ్లు, పైన ఎండ, ఉక్క. బరువైన పనిలో గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. చెమటలో ఉప్పు రక్తంలో కన్నా తక్కువ కనుక, నీరు పోయిన రక్తం చిక్కబడుతుంది. ఆ చిక్కదనం నూటికి ఒకటి రెండు వంతులు పెరిగినా హైపోథాలమస్ పసిగడుతుంది. దాహం పుట్టిస్తుంది, పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి ఏడీహెచ్ అనే హార్మోనును వదిలిస్తుంది. మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో లీటరున్నర తప్ప మిగిలినదంతా తిరిగి రక్తానికే ఇస్తాయి. ఏడీహెచ్ అందితే ఆ లీటరున్నరలోంచి కూడా నీటిని వెనక్కి లాగి, అర లీటరు దాకా తగ్గించగలవు. మూత్రం ముదురు పసుపు రంగులో రావడం ఆ హార్మోను పని చేస్తోందనడానికి గుర్తు. అదే సమయంలో అధివృక్క గ్రంథుల నుంచి వచ్చే ఆల్డోస్టెరోన్ ఉప్పు పోకుండా కాపాడుతుంది, చెమట గ్రంథులకు కూడా ఆ కబురు అందుతుంది, అందుకే ఎండకు అలవాటు పడినవాళ్ల చెమటలో ఉప్పు తగ్గుతుంది. పొలం దగ్గర మరుగు లేదని పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండే ఆడవాళ్లు ఈ ఏర్పాటును దాని చివరి అంచు దాకా నెడుతున్నారు. పని ముగిశాక మద్యం తాగే మగవాళ్ల సంగతి వేరు, మద్యం ఏడీహెచ్‌ను ఆపేస్తుంది, ఎండిన ఒళ్లు ఇంకా ఎండుతుంది.

కబురు అందుకునే ఆ మూత్రపిండమే స్వయంగా కబుర్లు పంపుతుందన్న సంగతి మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో ప్రతి ఇంటికీ తెలియాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కొబ్బరి తోటలు, జీడితోటల మధ్య ఉన్న ఆ పల్లెల్లో, క్రియాటినిన్ అన్న మాట తెలియని ముసలమ్మ లేదు. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా అక్కడ మూత్రపిండాల జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ తేలలేదు. మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతుల్లో ఇటువంటి జబ్బే ఉంది. క్రియాటినిన్ మూత్రపిండం వడపోత ఎంత తగ్గిందో చెబుతుంది, అంతవరకే. వడపోతతో పాటు ఆగిపోయే మూడు కబుర్ల గురించి అది ఏమీ చెప్పదు.

మొదటిది ఎరిత్రోపోయిటిన్. పెద్దవాళ్లలో దీన్ని దాదాపు పదింట తొమ్మిది వంతులు మూత్రపిండాలే తయారు చేస్తాయి. రక్తంలో ప్రాణవాయువు తగ్గిందని మూత్రపిండం గ్రహించి, ఎర్రకణాలు పెంచమని ఎముక మూలుగకు ఈ కబురు పంపుతుంది. ఎర్రకణం బతికేది 120 రోజులే కనుక ఈ పని ఒక్కరోజు కూడా ఆగడానికి వీల్లేదు. మూత్రపిండం చెడినప్పుడు కబురు ఆగుతుంది, మనిషి పాలిపోతాడు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. ఇంటివాళ్లు బీట్‌రూట్, ఖర్జూరం, ఐరన్ మాత్రలు ఇస్తారు. ఇటుకలు ఎన్ని తెచ్చి పోసినా, కట్టమని మేస్త్రీకి కబురు అందకపోతే గోడ లేవదు. 1989 నుంచి ఈ హార్మోను సూదిమందుగా దొరుకుతోంది, డయాలిసిస్ చేయించుకునేవాళ్లకు ఇచ్చే సూదుల్లో అది ఒకటి. ఇనుము కూడా కావాలి, కాని ఇనుము ఒక్కటే చాలదు.

రెండోది విటమిన్ డి. ఎండ వల్ల చర్మంలో పుట్టిన విటమిన్ కాలేయంలో ఒక మార్పు, మూత్రపిండంలో మరో మార్పు పొందిన తర్వాతే పని చేసే హార్మోను అవుతుంది. రోజంతా ఎండలో ఉండే జీడితోట కూలీకి కూడా మూత్రపిండం చెడితే ఆ చివరి మార్పు జరగదు. పేగులు కాల్షియంను పీల్చుకోలేవు, పోవలసిన ఫాస్ఫరస్ రక్తంలో పేరుకుంటుంది. పారాథైరాయిడ్ గ్రంథులు కాల్షియం తగ్గిందని గ్రహించి తమ హార్మోనును పెంచుతాయి, ఎముకల నుంచి కాల్షియంను తవ్వి తీస్తాయి. రక్తపు రిపోర్టులో కాల్షియం ఫరవాలేదన్నట్టు కనిపిస్తుంది, ఆ మాత్రం అంకె కోసం ఎముక ఖర్చవుతోంది. ఆ ఎముక నొప్పికి దుకాణంలో అడిగి కొన్న నొప్పిమాత్రలు మిగిలిన మూత్రపిండాన్ని కూడా తినేస్తాయి.

మూడోది రెనిన్. తనకు రక్తం సరిగా అందడం లేదనుకున్నప్పుడు మూత్రపిండం దీన్ని వదులుతుంది, దాని నుంచి మొదలైన గొలుసు రక్తనాళాలను బిగించి, ఆల్డోస్టెరోన్‌ను పెంచి, రక్తపోటును ఎత్తుతుంది. దెబ్బతిన్న మూత్రపిండం ఈ కబురును అవసరం లేకుండానే పంపుతూ ఉంటే బీపీ పెరుగుతుంది, ఆ బీపీ మూత్రపిండాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. పేరు చివర "ప్రిల్" అనో "సార్టాన్" అనో ఉండే బీపీ మాత్రలు ఈ గొలుసునే మధ్యలో తెంచుతాయి. వాటిని వాడేటప్పుడు పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు తరచూ చేయించడం తప్పనిసరి.

షుగరు, మూత్రపిండాల జబ్బు రెండూ ఉన్నవాళ్ల ఇంట్లో చూడవలసిన సంగతి మరొకటుంది. ఏళ్లుగా 200 దాటుతున్న షుగరు ఒక దశలో తనంతట తానే తగ్గడం మొదలవుతుంది, వేసుకుంటున్న ఇన్సులిన్ ఎక్కువైనట్టు ఉదయాన్నే చెమటలు పడతాయి. పథ్యం ఫలించిందనో, ఎవరో ఇచ్చిన మూలికల కషాయం పనిచేసిందనో ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. సూదితో ఇచ్చిన ఇన్సులిన్‌ను రక్తం నుంచి తొలగించే పనిలో పెద్ద భాగం మూత్రపిండాలదే. అవి చెడినప్పుడు, నిన్నటి సూది మందు ఇవాళ కూడా రక్తంలో తిరుగుతూ ఉంటుంది. షుగరు అంకె తగ్గింది, జబ్బు పెరిగింది. టీఎస్‌హెచ్ 12 చూసి మా వీధి ఆవిడ పడిన పొరపాటే ఇక్కడ తిరగబడి వస్తుంది, ఈసారి భయానికి బదులు సంతోషంతో. ఆ సంతోషం కలిగిన రోజే రిపోర్టులు రెండూ పట్టుకుని వైద్యుని దగ్గరకు వెళ్లాలి, ఇన్సులిన్ మోతాదు తగ్గించకపోతే ఏదో ఒక తెల్లవారుజామున ఆ మనిషి నిద్ర లేవకపోవచ్చు.